పద్దెనిమిదో దట్టీ

ఉసేనప్ప ఎడమచెయ్యి పలక మీద నిలవడం లేదు. హనుమేష్ వేళ్లు విడదీసి పెట్టి గోడ వెనక మీట దగ్గరికి పోయేలోగా అవి మళ్లీ ముడుచుకుంటున్నాయి.

"ఏమప్పా, చెయ్యేమన్నా ఊడబెరుకుతానా? ఫొటోనే గదా. పెండ్లిలో దిగినట్ల దిగు," అన్నాడు హనుమేష్. ఆ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే పని అతనిది. పొద్దున్నుంచీ విరిగిన కాళ్లూ దగ్గే రొమ్ములూ చూసి చూసి విసిగి ఉన్నాడు.

"నొప్పి పుడ్తాదా సార్?"

"పుట్టదు."

"మరి మీరు గోడెనకాల దాంకుంటాండారు ఎందుకు?"

"నీకు ఒక్క తూరి. నాకు దినామూ ఇదే పని. చెయ్యి కదలనీకు."

గుమ్మంలో నిలబడ్డ డాక్టర్ మధులతకు నవ్వొచ్చింది. ఫిల్ములు చదివే డాక్టర్లు సాధారణంగా ఫిల్ములు తీసే గదికి రారు. వయసు చెప్పాల్సిన కేసుకు మాత్రం ఆమె తప్పకుండా వస్తుంది. ఎముక ఎవరిదో మొహం చూడకుండా వయసు చెప్పడం ఆమెకు మనస్కరించదు. పిల్లవాడు సన్నగా, పొడుగ్గా, ఎండకు కమిలి ఉన్నాడు. పైపెదవి మీద నూగు మీసం. పదహారంటే పదహారు, ఇరవై అంటే ఇరవై. గొర్రెల వెంట తిరిగే పిల్లల మొహాలు అంతే, వాటిని చూసి వయసు చెప్పడం బ్రహ్మతరం కూడా కాదు.

మణికట్టు తీశారు. మోచేయి తీశారు. తుంటి కోసం పడుకోమంటే సిగ్గుపడి లుంగీ గట్టిగా పట్టుకున్నాడు. హనుమేష్ మళ్లీ ఏదో అనబోతుంటే మధులత పక్కకు తిరిగి బయటికి వచ్చేసింది.

బయట వరండాలో కానిస్టేబుల్ పుల్లన్న బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. కింద గోడకు ఆనుకుని పిల్లవాడి తల్లి గిడ్డమ్మ. ఒడిలో గుడ్డమూట. డాక్టరు రావడం చూసి ఇద్దరూ లేచారు.

"ఏం కేసు?" అంది మధులత. కాగితంలో చూసిందే, అయినా అడిగింది.

"మర్డర్ అటెంప్ట్ మేడమ్," అన్నాడు పుల్లన్న, తనే కొంచెం సిగ్గుపడుతున్నట్టు. "శివశంకర్ సార్ అని, మండలంలో పెద్దమనిషి. ఆయప్ప శెనక్కాయ చేన్లో వీళ్ల గొర్రెలు పడినాయి. ఆయప్ప ఒక పిల్లను యెనక్కాళ్లు పట్టి ఎత్తి బండకేసి కొట్టబోయినాడంట. వీడు చేతిలో కట్టె ఇసిరినాడు. పోయి తలకాయకు తగిలె. కుట్లు పడినాయి, మనిషి తిరుగుతాండాడు. అయినా కేసు కేసే గదా."

"గొర్రెపిల్ల ఏమైంది?"

పుల్లన్న ఆ ప్రశ్న ఊహించలేదు. గిడ్డమ్మే జవాబు చెప్పింది. "బతికిందమ్మా. కాలు కుంటుతాంది."

కట్టె తగిలిన రోజుకు ఉసేనప్పకు పద్దెనిమిది నిండి ఉంటే పెద్దవాళ్ల కోర్టు, పెద్దవాళ్ల జైలు, ఏళ్ల తరబడి శిక్ష. నిండకపోతే పిల్లల బోర్డు. అక్కడ మందలించి, కొన్నాళ్లు కనిపెట్టి ఉండి, తల్లితో ఇంటికి పంపే అవకాశమే ఎక్కువ. బడికి పోయి ఉంటే బడి కాగితమే చెప్పేది. గొర్రెలతో నల్లమల అంచు దాకా పోయి వచ్చే ఇంట్లో పుట్టినవాడికి బడి ఎక్కడిది? ఆధార్ కార్డు ఉంది. అందులో జనవరి ఒకటి అని ఉంది. ఆధార్ లెక్కన ఆ ఊళ్లో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు, మిగతా సగం జూన్ ఒకటిన. ఏడాది కూడా కార్డు తీసినవాడి నోటికొచ్చినదే. అందుకే జడ్జిగారు ఎముకల్ని అడగమన్నారు.

మధులత తల్లిని లోపలికి పిలిచి కూర్చోబెట్టింది. ఇంట్లోవాళ్లు ఏం చెబుతారో అది కూడా రిపోర్టులో రాయాలి.

"అమ్మా, మీవాడికి ఎన్నేళ్లు?"

"పద్దెనిమిది నిండినాయి తల్లీ."

వెనక నుంచి ఎవరో పంటి కింద రాయి పడ్డట్టు ఇస్స్ అన్నారు. కోర్టు ఉచితంగా పెట్టిన లాయరు గోపీనాథ్. పడుచువాడు, నల్లకోటు భుజాల మీద వదులుగా వేలాడుతోంది. పరిగెత్తుకుంటూ వచ్చినట్టున్నాడు, ఆయాసపడుతున్నాడు.

"గిడ్డమ్మా! నిన్న ఎంత సేపు చెప్పినా నీకు? తెలీదు అను. గుర్తు లేదు అను. అబద్ధం గూడా కాదే అది!"

"గుర్తుండాది గదప్పా."

"ఎట్ల గుర్తుండాది? అక్షరం ముక్క రాదు నీకు."

గిడ్డమ్మకు కోపం రాలేదు. మడమలు పగిలిన కాళ్లను దగ్గరికి లాక్కుని, డాక్టరు వైపు తిరిగి చెప్పింది. "నాకు ముందర ముగ్గురు పుట్టి పోయినారు తల్లీ. నాలుగో తూరి కడుపుతో ఉన్నప్పుడు ఉసేన్ పీరుకు మొక్కుకున్యా. బిడ్డను నిలబెట్టు సామీ, ఏటా పండక్కి నీకు దట్టీ చుట్టిస్తా, పద్దెనిమిదో దట్టీ కట్టిన పొద్దు వాని చేత నిన్ను ఎత్తిస్తా అని. వాడు సరిగ్గా గుండం పొద్దే పుట్టె. ఏటా దట్టీ కట్టినా. ఒక్క ఏడు తప్పలే. ఈ ఏటితో పద్దెనిమిది. ఈ ఏడు వాడు పీరునెత్తుకుని గుండం దాటినాడు. ఊరంతా చూసింది."

దట్టీ అంటే పీర్ల పండగలో పీరుకు చుట్టే పట్టుగుడ్డ, గుండం ఆ పండగకు రాజేసే నిప్పుల గుంట. ఆ గుడ్డ కొనడానికి ఆమె ఏటా ఏం అమ్మిందో ఎవరూ అడగలేదు, ఆమే చెప్పలేదు.

గోపీనాథ్ తలపట్టుకున్నాడు. "ఊరంతా చూసింది! ఆ శివశంకర్ గూడా చూసినాడు మేడమ్. పీర్ల సావిడి చూసుకునే ముజావర్ వలి సాహెబును సాక్షిగా పెట్టుకున్యారు వాళ్లు. మొక్కు పద్దెనిమిదో ఏటిదని ఆయన చెప్తాడు. తల్లి గూడా అదే చెప్తే నేనేం వాదించల్ల?"

గిడ్డమ్మ మూట ముడి విప్పి మళ్లీ వేసింది. మాట మాత్రం మార్చలేదు.

*

చీకటి గదిలో వెలుగు పెట్టె మీద మూడు ఫిల్ములు. మధులత వాటి ముందు చాలాసేపు కూర్చుంది.

మోచేయి దగ్గర అన్నీ అతుక్కుపోయాయి. అంటే పదహారు దాటాడు. తుంటి ఎముక పై అంచున సన్నని టోపీలాంటిది వచ్చింది, ఇంకా అతుక్కోలేదు. అసలు సంగతంతా మణికట్టు దగ్గర ఉంది. పెరిగే వయసులో ముంజేతి ఎముకకూ దాని చివరి ముక్కకూ మధ్య ఒక నల్లగీత కనిపిస్తుంది. పెరగడం ఆగాక గీత మూసుకుపోయి రెండూ ఒకటవుతాయి. ఉసేనప్ప గీత లోపలి వైపు మూసుకుంది. బొటనవేలి వైపు ఇంకా ఉంది, సన్నగా, దారప్పోగులా. ఆమె భూతద్దం పెట్టి చూసింది. ఫిల్ము తిప్పి చూసింది. పోగు పోలేదు.

పదిహేడు దాటింది, పద్దెనిమిది నిండలేదు. ఆమె కళ్లు చెబుతున్న మాట అది. కానీ ఎముక గడియారం కాదు. ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చునని పుస్తకాలే ఒప్పుకుంటాయి. చాలీచాలని తిండి తిన్న పిల్లల ఎముకలు ఆలస్యంగా అతుక్కుంటాయని కూడా అవే చెబుతాయి. అలాంటప్పుడు కన్నతల్లి లెక్క ముందు ఈ దారప్పోగు ఎంత?

ఫోను మోగింది. ఎస్సై.

"మేడమ్, నమస్తే. మనోడి రిపోర్టు ఏమైనాది?"

"ఎవరు మనోడు?"

అటువైపు చిన్న నవ్వు. "అదే మేడమ్, గొర్రెలోడు. ఆధార్ ఉండాది, తల్లే నిండినాయంటాంది, ఊరంతా సాక్ష్యం. ఇంక బొమికెల్ని అడిగేదేముండాది? పద్దెనిమిది నుంచి పంతొమ్మిది అని రాసేస్తే మీకూ తలనొప్పి లేదు, కోర్టుకు తిరిగే పనీ లేదు."

"నాకు తలనొప్పి ఉందని మీకు ఎవరు చెప్పారు?" అని ఫోను పెట్టేసింది.

పెట్టేసిందే గానీ మనసు కుదుటపడలేదు. సూపరింటెండెంటు గారు కూడా మధ్యాహ్నం టీ తాగుతూ అదే అన్నారు, ఇంకొంచెం మర్యాదగా. "తల్లే చెబుతున్నప్పుడు మనం పదిహేడని ఎందుకు పట్టుబట్టాలమ్మా? అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" ఆయన చెడ్డవాడు కాదు. రిటైరు కావడానికి దగ్గరపడ్డవాడు, అంతే.

ఆమె కంప్యూటరు ముందు కూర్చుని పదిహేడున్నర నుంచి పద్దెనిమిదిన్నర అని కొట్టింది. అదైతే ఎవరికీ కోపం రాదు. పోలీసులు పై అంకె చూసుకుంటారు, లాయరు కింది అంకె చూసుకుంటాడు. గోడ మీద పిల్లి వాటం. తను రాసిన ఆ ముక్కను తనే రెండుసార్లు చదివి అసహ్యించుకుంది. ఫిల్ములో లేనిది రాశాక ఫిల్ము తీయడం దేనికి? చెరిపేసి, ఎముకలు చెప్పిందే రాసింది. పదిహేడుకూ పద్దెనిమిదికీ మధ్య. ఒక ఏడాది తేడా ఉండవచ్చు.

ఆ కిందే ఇంటివాళ్ల మాట రాయాలి. తల్లి చెప్పిన ప్రకారం పద్దెనిమిది నిండాయి. ఆ ఒక్క వాక్యం పైన రాసినదంతా తినేస్తుందని ఆమెకు తెలుసు. అయినా విన్నది రాయకుండా ఉండలేదు.

సాయంత్రం ఇంటికి పోతుంటే గేటు దగ్గర గిడ్డమ్మ కనిపించింది. పిల్లవాణ్ని సబ్‌జైలుకు తీసుకుపోయారు. ఊరికి పోయే బస్సుకు ఇంకా టైముంది. మూటలోంచి జొన్నరొట్టె తీసి, ఎర్రకారం అద్దుకుని, నమలకుండా చేతిలో పట్టుకుని కూర్చుంది.

మధులత బండి ఆపింది. "తినమ్మా. ఎందుకు చేతిలో పట్టుకున్నావు?"

"వానికని తెస్తి. లోపలికి ఇయ్యనీయలే." రొట్టె మళ్లీ గుడ్డలో పెట్టేసింది. "బొమికెలు ఏం జెప్పినాయి తల్లీ?"

చెప్పకూడదు. అయినా ఆ మొహం చూసి ఊరుకోలేకపోయింది. "నీ మాట ఒప్పుకోవడం లేదు."

గిడ్డమ్మ ఒక క్షణం చూసి నవ్వింది. నవ్వు బాగుంది, రెండు పళ్లు లేవు. "వాటిని నేను కన్యానా, అవి నన్ను కన్యాయా? నా కడుపులో నుంచి వచ్చిన బొమికెలకు నాకంటే ఎక్కువ తెలుసునా?"

"నువ్వు అట్లా చెబితే వాడు పెద్ద జైలుకు పోతాడు. అది తెలుసు కదా?"

నవ్వు పోయింది. "తెల్సు. లాయరప్ప జెప్పినాడు. రాత్రంతా నిద్ర ల్యా." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా మొగుడు గూడా గొర్రెల కాడ నుంచి మనిషితో చెప్పంపినాడు, పదిహేడను, ఏం పోతాదని. ముగ్గురు పోయినాక ఆ సామి ఇచ్చిన బిడ్డ తల్లీ వాడు. ఆ సామి లెక్కనే దొంగలెక్క జేసి వాన్ని దక్కించుకుంటే, రేపు వాడు నాకు దక్కుతాడా? నేను యా మొగం పెట్టుకుని సావిట్లోకి పోవల్ల?"

ఆమె ఏడుస్తోంది. దేవుడి మీద నమ్మకం మధులతకు అంతంత మాత్రం. కానీ మధ్యాహ్నం ఆ కంప్యూటరు ముందు తను పడ్డ బాధా ఈమె బాధా ఒక్కటేనని మాత్రం తెలిసింది. ఫిల్ములో ఉన్నది తను మార్చి రాయలేకపోయింది. ఈమె కూడా అంతే. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఆ రెండు నిజాలూ ఒకచోట ఇమడటం లేదు. బస్సు వచ్చేదాకా ఆమె పక్కనే అరుగు మీద కూర్చుంది.

*

విచారణ రోజున కోర్టు హాల్లో ఫ్యాను తిరగడం కంటే చప్పుడు చేయడమే ఎక్కువ. జడ్జిగారు నడివయసు ఆవిడ, పేరు సుప్రజ, నిదానస్తురాలు. ఉసేనప్ప మూల నిలబడి ఉన్నాడు, పక్కన పుల్లన్న. శివశంకర్ ముందు బెంచీలో కూర్చున్నాడు. తలకు కట్టు అవసరం తీరిపోయింది గానీ కోర్టు కోసం కట్టుకు వచ్చాడు.

మొదట వలి సాహెబు చెప్పాడు. తెల్లగడ్డం, మెత్తని మాట. మొక్కు నిజమే, దట్టీలు తన చేతుల మీదే కట్టించాడు, పద్దెనిమిది అయ్యాయి. అడిగినంత వరకే చెప్పి, పిల్లవాడి వైపు జాలిగా చూసి దిగిపోయాడు. శెనక్కాయ పీకే దినాలు, మధ్యలో వదిలి వచ్చానన్నాడు పోతూ పోతూ.

తర్వాత మధులత. ఎముకల సంగతి చెప్పింది. సర్కారు వకీలు ఫిల్ము వైపు కనీసం చూడలేదు.

"ఒక ఏడాది తేడా ఉండొచ్చని మీరే రాశారు. అంటే పద్దెనిమిది దాటి కూడా ఉండొచ్చు?"

"ఉండొచ్చు. కాని..."

"చాలు మేడమ్. కాని అక్కర్లేదు."

గోపీనాథ్ లేచి కాని తరవాత ఏముందో అడిగాడు. ఆమె చెప్పింది. జడ్జిగారు రాసుకున్నారు. కానీ హాల్లో అందరూ ఎదురుచూస్తున్నది తల్లి కోసం. మధులత పోయి పక్క బెంచీ మీద కూర్చుంది.

గిడ్డమ్మ బోనులో నిలబడితే తల మాత్రమే కనిపిస్తోంది. ప్రమాణం చేయమంటే చేసింది.

"నీ కొడుక్కు పద్దెనిమిది ఏళ్లు నిండినాయా?" సర్కారు వకీలు గొంతులో తేనె.

ఆమె కొడుకు వైపు చూసింది. వాడు తల దించుకుని ఉన్నాడు.

"నిండినాయి సామీ."

గోపీనాథ్ కళ్లు మూసుకున్నాడు. శివశంకర్ కట్టు సర్దుకుని వెనక్కి వాలాడు. వకీలు ఇంక అడిగేది లేదన్నాడు. కేసు అక్కడితో అయిపోయినట్టే.

జడ్జిగారు కలం మూయలేదు. "నువ్వు చదువుకోలేదు కదమ్మా. ఇన్నేళ్లూ లెక్క తప్పలేదని ఎట్లా చెబుతావు?"

"దట్టీలు లెక్క తల్లీ. ఒక్కోటి ఒక్కో రంగు, నాకు నోటికి ఉండాయి." గిడ్డమ్మ బోను కొయ్య మీద వేళ్లు పెట్టి ఒక్కొక్కటే మడవడం మొదలుపెట్టింది. "వాడు పుట్టిన మరుసటి పండక్కి పచ్చది. వాడు అప్పుడే అడుగులేస్తాండె. ఆ యెనకాల ఏరొచ్చె. కర్నూలు మునిగె చూడు, ఆ ఏరు. మా కొట్టం పోయె, గొర్రెలు పోయె. వాన్ని చంకనేసుకుని గుట్టెక్కితి. ఆ ఏటే పీర్లు మళ్లీ లేసినారు. చేతిలో ఏమీ ల్యా, నా పెండ్లి చీర కొంగు చించి ఎర్రది కట్టినా. అది రెండోది. ఆ మరుసటేడు పసుప్పచ్చది..."

"సరేలేమ్మా, పద్దెనిమిదీ చెప్పక్కర్లేదు," అన్నాడు వకీలు. హాల్లో కొందరు నవ్వారు.

మధులత నవ్వలేదు. ఆమె మనసు ఎర్ర దట్టీ దగ్గర ఆగిపోయింది. ఏరు రాకముందు ఒక పండగ. ఏరు పోయాక అదే ఏట మళ్లీ పండగ. ఒకే ఏడాదిలో పీర్లు రెండుసార్లు ఎట్లా లేస్తారు?

ఎట్లా లేస్తారేమిటి! ఆమె పుట్టి పెరిగింది కడపలో. పక్కింటి షాహనాతో కలిసి రంజాన్ నెలలో సాయంత్రాలు సేమ్యా తిని పెరిగింది. చిన్నప్పుడు ఆ పండగ చలికాలంలో వచ్చేది, ఇప్పుడు ఎండాకాలం దాకా జరిగి వచ్చింది. పీర్ల పండగా అంతే. చంద్రుణ్ని పట్టుకుని నడిచే పండగలు ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తాయి. ఆ సంగతి ఆ హాల్లో ఉన్న అందరికీ తెలుసు. జడ్జిగారికి తెలుసు, వకీలుకు తెలుసు, గంజాయి కేసులో వచ్చి మూల కునుకుతున్నవాడికి కూడా తెలుసు. అందరికీ తెలిసిన సంగతే, కాబట్టి ఎవరూ దాని గురించి ఆలోచించలేదు.

ఆమె లేచి నిలబడింది. లేచాక గానీ తను లేచినట్టు తెలియలేదు.

"ఏంటి డాక్టర్?" అన్నారు జడ్జిగారు.

"మేడమ్, ఆమెను ఒక్క మాట అడగాలి. మీరు అడిగినా సరే. పిల్లవాడు పుట్టిన పండగ రోజు చలా, ఎండా, వానా?"

వకీలు అభ్యంతరం అన్నాడు. ఎందుకు అభ్యంతరమో అతనికీ తెలియదు. జడ్జిగారు చెయ్యి ఎత్తి ఆపి, గిడ్డమ్మను అదే ప్రశ్న అడిగారు.

"సలి తల్లీ. ఎముకలు కొరికే సలి. పప్పుశెనగ పీకే కాలం. గుండం కాడ సలి కాచుకుంటాంటేనే నాకు నొప్పులొచ్చె."

"ఈ ఏడు పండగప్పుడు?"

"ఈ ఏడు యాడ సలి? శెనక్కాయ ఇత్తనమేసే కాలం. వాన పడి గుండం ఆరిపోతాదేమోనని మావోళ్లు రేకులు పట్టుకుని నిలబడినారు."

చెప్పేసి, గిడ్డమ్మ అందరి మొహాలూ చూసింది. వకీలు చేతిలో కాగితాలు తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. గోపీనాథ్ పెదవులు కదులుతున్నాయి, వేళ్ల మీద నెలలు లెక్కపెడుతున్నాడు. పుష్యమాసపు చలి నుంచి ఆషాఢపు వాన దాకా. పద్దెనిమిది చుట్లు తిరిగేసరికి పండగ ఆరు నెలల పైచిలుకు ముందే వచ్చేసింది. మధులతకు ఆ ఫిల్ములోని దారప్పోగు కళ్ల ముందు నిలిచింది.

జడ్జిగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. బెంచి గుమాస్తాను పిలిచి, పిల్లవాడు పుట్టిన పండగ, అంటే కర్నూలు మునిగిన ఏటికి ముందటేటి పీర్ల పండగ, ఏ తేదీన వచ్చిందో చూడమన్నారు. అతను ఫోనులో వెతికి చెప్పాడు. జనవరి ఇరవై.

"అంటే పిల్లవాడికి పద్దెనిమిది నిండేది వచ్చే జనవరి ఇరవైకి," అన్నారు ఆవిడ. "కట్టె విసిరింది ఆగస్టులో."

"ఇది చదువురాని ఆమె లెక్క మేడమ్," అన్నాడు సర్కారు వకీలు. "దీని మీద ఎట్లా ఆధారపడతాం?"

"ఇంతసేపూ ఆధారపడింది మీరే కదండీ."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ నవ్వకుండా చెప్పడం మొదలుపెట్టారు, గుమాస్తా టైపు చేశాడు. ఎముకల పరీక్షా తల్లి సాక్ష్యమూ ఒకే మాట చెబుతున్నాయి. నేరం జరిగిందన్న రోజుకు ముద్దాయి పిల్లవాడు. కేసు పిల్లల బోర్డుకు పోవాలి. పిల్లవాణ్ని ఈ రోజే సబ్‌జైలు నుంచి మార్చాలి. శివశంకర్ లేచి, కట్టు మీద చెయ్యి పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా వెళ్లిపోయాడు.

*

బయట చింతచెట్టు కింద గోపీనాథ్ ఫోనులో ఎవరికో గట్టిగా చెబుతున్నాడు. బోర్డులో రేపే బెయిలుకు వేస్తానని, వారంలో పిల్లోడు ఇంట్లో ఉంటాడని. నల్లకోటు ఇప్పుడు అతనికి సరిపోయినట్టే కనిపించింది.

గిడ్డమ్మ మాత్రం మెట్ల మీద కూలబడి ఉంది. మొహంలో నెత్తురుచుక్క లేదు. సంతోషం తట్టుకోలేక అనుకుని మధులత దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేసింది.

"అయితే ఈ ఏటికి వానికి పద్దెనిమిది నిండలేదా తల్లీ?"

"లేదమ్మా. నీ బిడ్డ ఇంకా పిల్లోడే. భయం లేదు."

"నిండకనే పీరునెత్తించినానా?" గిడ్డమ్మ రెండు చేతులతో తల పట్టుకుంది. "ఎంత పని జేస్తి! ఆ సామి అందుకే వాన్ని జైల్లో ఏసినాడు. మొక్కు తప్పిన దాన్ని నేను!"

గోపీనాథ్ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నోరు తెరిచాడు. కోర్టులో గెలిచిన సంగతి ఈమెకు చెప్పి లాభం లేదు. ఈమె జవాబు చెప్పుకోవాల్సిన కోర్టు వేరే.

మధులత ఖరీదైన చీర సంగతి మరచి ఆ మట్టిమెట్టు మీద పక్కనే కూర్చుంది. "గిడ్డమ్మా, మొక్కు ఎవరికి మొక్కుకున్నావు?"

"ఉసేన్ పీరుకి."

"ఎన్ని దట్టీలని మొక్కుకున్నావు?"

"పద్దెనిమిది."

"కట్టినవి ఎన్ని?"

"పద్దెనిమిదీ కట్టినా."

"మరి పీరుకు లెక్క ఏది? నెలవంక లెక్క కదా. ఆయన పండగలు ఆయన లెక్కలో పద్దెనిమిది వచ్చినాయి, పద్దెనిమిదీ నువ్వు కట్టినావు. పద్దెనిమిదోది కట్టిన పొద్దే ఎత్తించినావు. ఆయనకు ఒక్క పూట కూడా తక్కువ చెయ్యలేదు. సర్కారుకు సూర్యుడి లెక్క. దాని లెక్కలో వాడికి పదిహేడే. లోపల నువ్వు ఏది అడిగితే అది చెప్పినావు."

గిడ్డమ్మ వింటోంది. పెదవులు మెల్లగా కదులుతున్నాయి, రంగులు లెక్కపెట్టుకుంటున్నట్టుంది. పచ్చది, ఎర్రది, పసుప్పచ్చది. చాలాసేపు పట్టింది. మధులత తొందరపెట్టలేదు.

"అయితే ఆ సామికీ అబద్ధం జెప్పలే."

"లేదు."

"జడ్జమ్మకూ జెప్పలే."

"లేదు."

గిడ్డమ్మ లేచి కొంగు దులుపుకుంది. అప్పుడే పుల్లన్న పిల్లవాణ్ని బయటికి తీసుకొచ్చాడు. వ్యాను రావాల్సి ఉంది, తొందరేమీ లేదన్నాడు అటు తిరిగి. ఆమె గబగబా పోయి, తనకంటే రెండు జానలు ఎత్తున్న కొడుకును వంగమని, రెండు చెంపలూ పట్టుకుని చూసింది. వాడు సిగ్గుపడి అటూ ఇటూ చూశాడు.

"మ్మా, ఆ గొర్రెపిల్ల నడుస్తాందా?"

"నడుస్తాంది లేరా. నువ్వు రా, ఈడ కూసో." మూట విప్పి జొన్నరొట్టె ముక్క తుంచి వాడి నోటికి పెట్టింది. "నమిలి తిను. ఇంకా పెరిగే వయసంట నీది."